తకెమిత్సు సినిమాలు పొట్టకూటికి చేశారా? బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ పనిలో ఉన్నవాడిగా నా సమాధానం

మీ ప్రశ్నని ముందు నాకర్థమైనట్టు చెప్తాను. మీరు కీబోర్డ్ వాయిస్తారు, షార్ట్ ఫిల్మ్స్‌కి బీజీఎం (బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్) చేస్తున్నారు. ఈ మధ్య జపాన్ స్వరకర్త తోరు తకెమిత్సు గురించి ఎక్కడో చదివారు. కచేరీల కోసం ఓ పట్టాన ఎవరికీ అంతుపట్టని ప్రయోగాలు చేసిన ఆ మనిషే తొంభైకి పైగా సినిమాలకి సంగీతం ఇచ్చారని తెలిసి ఆశ్చర్యపోయారు. "సినిమాలు పొట్టకూటి కోసం చేసినవా? ప్రయోగాలు చేసేవాడు సినిమాల్లో ఉండాలంటే రాజీ పడక తప్పదా? నాకు ఆయన దగ్గర పనికొచ్చేది ఏమన్నా ఉందా? ఉంటే ఆ బీవా అనే జపాన్ తీగల వాయిద్యం శబ్దానికి ఏ ప్లగిన్ (కంప్యూటర్‌లో వాయిద్యాల శబ్దం ఇచ్చే సాఫ్ట్‌వేర్) కొనాలి?" ఇవీ మీరు అడిగినవి.

సూటిగా చెప్తాను. పొట్టకూటికి కాదు. రాజీ అసలే కాదు. ఆయన ప్రయోగాల్లో ముఖ్యమైనవి కొన్ని ముందు సినిమాల్లోనే పుట్టాయి, ఆ తర్వాతే కచేరీ హాలుకి వెళ్ళాయి. మీకు పనికొచ్చేది కూడా ఉంది, కానీ అది ట్యూన్ కాదు, వాయిద్యం కాదు. సీన్‌లో ఎక్కడ సంగీతం వద్దో తేల్చుకోవడం. ప్లగిన్ సంగతి చివర్లో చెప్తాను, ఇప్పుడే డబ్బు ఖర్చు పెట్టకండి.

నా సంగతి ఒక ముక్క. ఇరవై నాలుగేళ్ళుగా ఆర్‌ఆర్ (రీ-రికార్డింగ్, అంటే సినిమాకి నేపథ్య సంగీతం కట్టే పని) పనిలో ఉన్నాను. చెన్నైలో ఒక సంగీత దర్శకుడి దగ్గర టైమ్‌కోడ్ (తెర మీద నిమిషాలు, సెకన్లు చూపే అంకెలు) చూసి, ఏ సీన్లో మ్యూజిక్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో నోట్‌బుక్‌లో రాసుకునే కుర్రాడిగా చేరాను, ఇప్పుడు హైదరాబాద్‌లో సొంతంగా చేసుకుంటున్నాను. తకెమిత్సుని నాకు పరిచయం చేసింది ఒక సౌండ్ ఇంజినీర్. పదిహేనేళ్ళయింది, ఇప్పటికీ ఏడాదికి రెండు మూడు సార్లు ఆ సినిమాలు మళ్ళీ పెట్టుకుని హెడ్‌ఫోన్స్‌లో వింటాను.

ఆయన జీవితం కొంచెం చెప్పాలి, లేకపోతే సినిమాలంటే ఎందుకంత ప్రాణమో అర్థం కాదు. 1930 అక్టోబర్ 8న టోక్యోలో పుట్టారు. పుట్టిన కొద్దికాలానికే కుటుంబం మంచూరియాకి వెళ్ళింది, చదువు కోసం 1938లో మళ్ళీ జపాన్ వచ్చారు. యుద్ధం చివరి రోజుల్లో, 1944లో, పద్నాలుగేళ్ళ పిల్లాణ్ణి తీసుకెళ్ళి సైనిక స్థావరంలో పనికి పెట్టారు. శత్రు దేశాల పాట వినడమే నేరంగా చూసే రోజులవి. అక్కడ ఒక యువ అధికారి చేత్తో తిప్పే గ్రామఫోన్ మీద ఒక ఫ్రెంచ్ పాట వినిపించాడు. సూది దొరక్క వెదురుపుల్లని చెక్కి సూదిగా పెట్టాడట. యుద్ధం అయిపోతే నేను సంగీతమే చేస్తానని ఆ పాట విన్నాకే అనుకున్నానని తకెమిత్సు తర్వాత రోజుల్లో చెప్పుకున్నారు.

యుద్ధం అయిపోయింది, ఇంట్లో పియానో లేదు, కొనే స్తోమత లేదు. అట్టముక్క మీద పియానో మెట్లు గీసుకుని దాని మీద వేళ్ళు ఆడించేవారు. వీధిలో నడుస్తుంటే ఎవరింట్లోంచైనా పియానో వినిపిస్తే తలుపు తట్టి, కాసేపు వాయించనిస్తారా అని అడిగేవారట. ఈ సంగతి తెలిసి తోషిరో మయుజుమి అనే తోటి స్వరకర్త, అప్పటికి ముఖపరిచయం కూడా లేని ఆ కుర్రాడికి, ఒక పియానో పంపించాడు. యసుజి కియోసే అనే పెద్దాయన దగ్గర కొంతకాలం నేర్చుకోవడం మినహా తకెమిత్సుది దాదాపు అంతా సొంతంగా నేర్చుకున్న చదువే. సంగీత కళాశాల గడప తొక్కలేదు కాబట్టి నాకు రాదేమోనని మీరు భయపడుతున్నట్టు మీ ప్రశ్నలో కనిపించింది, అందుకే ఇది కాస్త వివరంగా చెప్తున్నా.

1950లో ఆయన పియానో రచన మొదటిసారి కచేరీలో వినిపించారు. మర్నాడు పేపర్లో ఒక విమర్శకుడు అది సంగీతం కాదు, సంగీతానికి ముందు దశ అని కొట్టిపారేశాడు. తకెమిత్సు ఏం చేశారో తెలుసా? సినిమా హాల్లోకి వెళ్ళి, ఎవరికీ కనపడకుండా ఆ చీకట్లో కూర్చుని ఏడ్చారు. ఈ ఒక్క సంగతి తెలిశాక ఇక ఆయన సినిమాలు డబ్బుకి చేశారంటే నేను నమ్మలేను. డబ్బు అవసరం లేదని కాదు, చాలా పేదరికంలో ఉన్నారు, పైగా క్షయ. కానీ సినిమా ఆయనకి పని దొరికే చోటు కన్నా ముందు తలదాచుకునే చోటు. చివరిదాకా ఏటా వందల సినిమాలు చూసేవారు, మంచివీ చెడ్డవీ అని చూడకుండా.

1951లో టోక్యోలో కొందరు కుర్రాళ్ళతో కలిసి 'జిక్కెన్ కోబో' పెట్టారు. ప్రయోగశాల అనే అర్థం. చిత్రకారులు, కవులు, స్వరకర్తలు అందరూ ఉన్న గుంపు అది. టేపు మీద శబ్దాలు కోసి అతికించడం మొదలైంది. 1956లో జపనీస్‌లో ప్రేమ అనే అర్థమున్న 'అయ్' అన్న ఒక్క మాటని ఇద్దరి గొంతుల్లో రకరకాలుగా పలికించి ఒక రచన, 1960లో నీటిచుక్కల శబ్దాలతో ఇంకొకటి చేశారు. ఇదే కాలంలో ఫుమియో హయసాకా దగ్గర సహాయకుడిగా ఉన్నారు. జపాన్ దర్శకుడు కురొసావా తీసిన 'రషోమన్', 'సెవెన్ సమురాయ్'కి సంగీతం ఇచ్చిన ఆయనే ఈ హయసాకా. అంటే మనలాగే అసిస్టెంట్‌గా పని నేర్చుకున్నవాడే తకెమిత్సు. హయసాకా 1955లో క్షయతో పోయారు. ఆయన జ్ఞాపకంగా తకెమిత్సు 1957లో తంత్రీవాద్యాలకి ఒక రిక్వియమ్ (పోయినవాళ్ళ స్మృతికి రాసే సంగీతం) రాశారు.

ఆ రచన రష్యాలో పుట్టిన ప్రసిద్ధ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ చెవిన పడిన కథ చాలామందికి తెలుసు. 1959లో ఆయన జపాన్ వచ్చినప్పుడు రేడియోలో జపాన్ రచనలు వినిపిస్తుంటే, అనుకోకుండా ఈ రికార్డు పెట్టేశారు. ఆపబోతే ఆపనివ్వకుండా చివరిదాకా విని మెచ్చుకున్నారు. ఆ తర్వాత తకెమిత్సుకి అమెరికా నుంచి పిలుపులు మొదలయ్యాయి. మంచి కథే కానీ మీ ప్రశ్నకి అసలు జవాబు ఇది కాదు. అసలు జవాబు బీవాలో ఉంది.

బీవా కథ

యుద్ధంవల్ల తకెమిత్సుకి జపాన్ సంప్రదాయం అంటేనే గిట్టేది కాదు. దేశభక్తి పేరుతో తన చిన్నతనాన్ని మింగేసిన వాటితో ఆ సంగీతం కూడా కలిసిపోయింది ఆయన మనసులో. ఫ్రెంచ్ స్వరకర్తలు డెబుసీ, మెసియాన్ ఆయనకి దేవుళ్ళు. తర్వాత ఒకసారి బున్‌రాకు బొమ్మలాట (మన తోలుబొమ్మలు కావు, పెద్ద పెద్ద బొమ్మల్ని మనుషులు పట్టుకుని ఆడించేది) చూస్తూ షమిసెన్ అనే మూడు తీగల వాయిద్యం నాదం విని నిలువునా కదిలిపోయారు. ఆ పైన అమెరికా నుంచి స్వరకర్త జాన్ కేజ్ ఆలోచనలు జపాన్‌కి వచ్చాయి. జపాన్ సంప్రదాయాన్ని తనకి తిరిగిచ్చింది ఒక అమెరికన్ అని ఆయన ఎప్పుడూ కేజ్‌కి కృతజ్ఞత చెప్పుకునేవారు.

ఇక్కడ తేదీలు జాగ్రత్తగా చూడండి. 1962లో మసాకి కొబయాషి తీసిన 'హరాకిరి'. ఒక పేద సమురాయ్ పెద్ద జమీందారు వాకిట్లో కూర్చుని, చచ్చిపోయే ముందు తన కథ చెప్తుంటాడు. తకెమిత్సు అందులో బీవా వాడారు. 1964లో అదే దర్శకుడి 'క్వైదాన్'. అందులో చెవులు లేని హోయిచి కథలో గుడ్డి బీవా గాయకుడు యుద్ధంలో చచ్చిన వీరుల దయ్యాలకి వాళ్ళ కథే పాడి వినిపిస్తాడు. దానికి బీవా వాయించింది కిన్షి త్సురుతా అనే గొప్ప కళాకారిణి. ఆమెతో ఆ పరిచయం పెరిగి 1966లో బీవాకీ షకుహాచి వేణువుకీ కలిపి 'ఎక్లిప్స్' రాశారు. 1967 నవంబర్‌లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ 125 ఏళ్ళ సందర్భంగా 'నవంబర్ స్టెప్స్'. సెయిజి ఒజావా ఆర్కెస్ట్రా నడిపించారు, ముందు బీవాతో త్సురుతా, షకుహాచితో కత్సుయా యొకొయామా. తకెమిత్సు పేరు ప్రపంచమంతా తెలిసింది ఆ రచనతోనే.

అర్థమైంది కదా? సినిమా, సినిమా, ఆ తర్వాత కచేరీ. సంప్రదాయ వాయిద్యాన్ని ఎలా వాడాలో, ఏ దెబ్బకి ఎంత ఖాళీ వదలాలో ఆయన తెర ముందు కూర్చుని నేర్చుకున్నారు. అందుకే రాజీ అన్న మాట ఆయన విషయంలో నప్పదు అంటాను.

ఆ బీవాలో ఏముందో దగ్గరగా చెప్తాను, ఎందుకంటే ఇది మనకి పరాయిది కాదు. బీవా నాలుగైదు తీగల వాయిద్యం, పెద్ద విసనకర్రలాంటి చెక్కతో కొడతారు. దాని మెడ దగ్గర తీగ చెక్కకి ఆనీ ఆననట్టు ఉండేలా కావాలని చెక్కుతారు. కొట్టగానే నాదంతో పాటు ఒక జుమ్మనే గరగర కూడా వస్తుంది. దాన్ని 'సవారి' అంటారు. తాకడం, అడ్డుపడడం రెండు అర్థాలూ వచ్చే మాట అది. నాదానికి కావాలని అడ్డం పెట్టి, ఆ అడ్డులోంచే నాదాన్ని పుట్టించడం. తకెమిత్సు దీని గురించి చాలా రాశారు. పాశ్చాత్య వాయిద్యాలు వందల ఏళ్ళుగా ఏ రొదని తీసేస్తూ వచ్చాయో, ఆ రొదలోనే బీవా ప్రాణం ఉందని ఆయన మాటల సారాంశం.

ఇది చదివినప్పుడు నాకు మా సంగీతం మాస్టారు గుర్తొచ్చారు. తంబూరా శ్రుతి చేశాక ఆయన బ్రిడ్జి మీద ప్రతి తీగ కింద ఒక నూలుపోగు దూర్చి, గోటితో ముందుకీ వెనక్కీ జరిపేవారు. వడ్లగింజలో సగం జరిగితే చాలు, అప్పటిదాకా టంగుమని చచ్చిపోతున్న తీగ ఒక్కసారిగా విచ్చుకుని గదంతా నిండేది. దాన్ని ఆయన 'జీవ' అనేవారు. పోగు తీసేస్తే తంబూరాలో జీవం పోయినట్టే. జపాన్ వాళ్ళ సవారి, మన జీవ ఒకటే అని నేను అనను, కానీ చెవికి అవి దగ్గరి చుట్టాలు. తకెమిత్సు వినడం మొదలుపెట్టే తెలుగువాడికి ఇంతకన్నా మంచి తలుపు లేదు.

తీసేయడం

సినిమాకి సంగీతం కలపడం కన్నా సినిమాలోంచి శబ్దాన్ని తీసేయడం ముఖ్యం అన్న అర్థంలో తకెమిత్సు రాశారు. నేనీ మాట విన్నాక ఒక ఏడాది పాటు తప్పుగా అర్థం చేసుకున్నాను, ఆ కథ చెప్తాను. ముందు ఆయన ఎలా చేశారో చూడండి.

'క్వైదాన్'లో మొదటి కథ. భార్యని వదిలేసి పెద్ద ఉద్యోగం కోసం వెళ్ళిన సమురాయ్ ఏళ్ళ తర్వాత పశ్చాత్తాపంతో ఇంటికొస్తాడు. భార్య అలాగే ఉంది, మగ్గం దగ్గర. రాత్రి గడుస్తుంది. తెల్లారి చూస్తే పక్కన ఉన్నది అస్థిపంజరం. అతను కంగారుగా పరిగెడుతుంటే పాడుబడ్డ ఇల్లు కాళ్ళ కింద విరుగుతుంటుంది. మనమైతే ఏం చేస్తాం? స్ట్రింగ్స్ కీచుమనిపిస్తాం, అడుగు పడ్డచోటల్లా చెక్క విరిగిన ఎఫెక్ట్ వేస్తాం. అక్కడ అడుగుల చప్పుడు లేదు, అరుపు లేదు. వినపడేది చెక్క చీలుతున్న శబ్దం మాత్రమే, అదీ బొమ్మతో కలవదు. అతను పడ్డప్పుడు రాదు, పడ్డాక కాసేపటికి వస్తుంది, ఒక్కోసారి ఏమీ జరగనప్పుడు వస్తుంది. చెక్క శబ్దమే సంగీతం అయిపోయింది. ఆ సినిమాలో సంగీతమూ శబ్దాలూ రెండూ ఆయన చేతిలోనే ఉండడం వల్ల సాధ్యమైంది. మన దగ్గర బీజీఎం వాళ్ళు ఒక గదిలో, ఎఫెక్ట్స్ వాళ్ళు ఇంకో గదిలో, ఇద్దరం ఒకరికొకరం తెలియకుండా అదే సెకను నింపేసి, మిక్సింగ్ రోజు ఫేడర్ల దగ్గర కొట్టుకుంటాం.

'వుమన్ ఇన్ ద డ్యూన్స్' (1964, హిరోషి తెషిగహారా) చూస్తే ఇంకో పద్ధతి. తంత్రీవాద్యాలు జారుతూ, స్వరం మీద నిలవకుండా కిందికి పోతుంటాయి. ఇసుక జారుతోందా తీగ జారుతోందా అని చెవి తేల్చుకోలేదు.

ఇక 'రాన్' (1985). కురొసావాతో ఆయన అంతకుముందు 1970లో 'డొడెస్కాడెన్' చేశారు. 'రాన్'లో ముసలి రాజున్న కోట మీద సొంత కొడుకుల సైన్యాలు పడతాయి. అన్నివైపుల నుంచీ బాణాలు, మంటలు, తెగిన చేతులు, ఒకరినొకరు పొడుచుకుని చచ్చిపోయే ఆడవాళ్ళు. ఒక్క కత్తి చప్పుడు లేదు, ఒక్క అరుపు లేదు. ఆర్కెస్ట్రా ఒక్కటే, నెమ్మదిగా, పైనుంచి ఎవరో చూసి బాధపడుతున్నట్టు. నిమిషాల తరబడి అలాగే సాగి, ఉన్నట్టుండి ఒక తుపాకి పేలుతుంది. పెద్దకొడుకు వెనక నుంచి తూటా తగిలి పడిపోతాడు, ఆ క్షణం నుంచి యుద్ధం శబ్దాలన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి. మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీలో ఎగిరిపడ్డాను.

ఇదంతా సాఫీగా జరిగిందనుకోకండి. కురొసావాకి ఆస్ట్రియా స్వరకర్త మాలర్ తరహా సంగీతం కావాలి, తకెమిత్సు ఆలోచన వేరు. ఆర్కెస్ట్రా విషయంలోనూ పేచీ. కురొసావా లండన్ సింఫనీ కావాలన్నారు, తకెమిత్సు సప్పొరో సింఫనీయే అని పట్టుబట్టి, హిరొయుకి ఇవాకి నిర్వహణలో వాళ్ళతోనే చేయించారు. విన్నాక కురొసావా సంతృప్తి పడ్డారు. మిక్సింగ్ దగ్గర మళ్ళీ మాటా మాటా పెరిగింది. ఆ సినిమా తర్వాత ఇద్దరూ కలిసి పని చెయ్యలేదు. డైరెక్టర్‌తో గొడవ పడితే నా పని అయిపోయినట్టే అని మీరు రాశారు కదా, దేని కోసం గొడవ పడుతున్నారన్నది ముఖ్యం. ఆయన తన పేరు కోసమో రేటు కోసమో కాదు, ఆ సీనుకి ఏది సరైనదో దాని కోసం పడ్డారు. అలాంటి గొడవకి సిద్ధపడని వాడు ఈ పనిలో ఎక్కువ దూరం పోలేడని నా నమ్మకం.

నేను చేసిన తప్పు

'రాన్' చూసిన ఊపులో, నేను అసోసియేట్‌గా ఉన్న ఒక సినిమా క్లైమాక్స్ ఫైట్‌కి ఇదే పని చేయించాను. రైస్ మిల్లులో ఫైట్. డైరెక్టర్ని ఒప్పించి ఎఫెక్ట్స్ మొత్తం మ్యూట్ చేసి, కింద నెమ్మదైన స్ట్రింగ్స్ పెట్టాం. ఎడిటింగ్ రూమ్‌లో అందరికీ ఒళ్ళు గగుర్పొడిచింది. తర్వాత నాలుగైదు వందల మందికి షో వేశాం. ఫైట్ మొదలై పది సెకన్లు గడిచాయో లేదో వెనక నుంచి "సౌండ్! సౌండ్!" అని అరుపులు, ఈలలు. థియేటర్లో సౌండ్ పోయిందనుకున్నారు. ఆ రాత్రే కూర్చుని ఎఫెక్ట్స్ అన్నీ తిరిగి ఎక్కించాం.

ప్రేక్షకుడికి అర్థం కాలేదని చాలా రోజులు బాధపడ్డాను. తర్వాత 'రాన్' మళ్ళీ చూస్తే తెలిసింది, తప్పు ప్రేక్షకుడిది కాదు. మా సినిమా మొదటి నిమిషం నుంచీ చెవులు చిల్లులు పడేంత సంగీతంతో నిండి ఉంది. కురొసావా సినిమాలో అప్పటిదాకా గాలి, చిమ్మెటలు, గుర్రాల డెక్కలు, ఖాళీ మైదానాలు, వేణువు. శబ్దం లేకపోవడానికి చెవి అలవాటు పడి ఉంది. ఖాళీ పెట్టాలంటే ముందు సినిమా అంతా దానికి చోటు చెయ్యాలి. రెండోది, ఆయన సంగీతానికి ఆ యుద్ధం గురించి ఒక ఉద్దేశం ఉంది, మాది ఏ ఏడుపు సీన్‌కైనా అతికించగల స్ట్రింగ్స్. మూడోది, నేను పూర్తిగా వదిలేసింది, బయటికి వచ్చే దారి. అక్కడ తుపాకి ఉంది. మా దగ్గర సంగీతం ఫేడ్ అయిపోయి, ఎఫెక్ట్స్ ఎప్పుడు వచ్చాయో తెలియకుండా వచ్చేశాయి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ తెంచాలి అన్న సెకన్లే సినిమా సంగీతంలో అన్నిటికన్నా ముఖ్యం.

సరిగ్గా వచ్చింది కూడా ఒకటుంది. చిన్న సినిమా, పాతికలోపే ప్రింట్లు. భర్త పోయిన పదో రోజు తర్వాత ఒక ముసలావిడ తెల్లవారుజామున ఒంటరిగా చేదబావి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తోడుతుంది. డైరెక్టర్ టెంప్ ట్రాక్‌గా (అసలు సంగీతం వచ్చేదాకా తాత్కాలికంగా పెట్టుకునేది) వయొలిన్ పెట్టుకున్నాడు. నేనూ వయొలిన్‌తోనే మూడు రోజులు కుస్తీ పట్టాను, ఏది వాయించినా ఆవిడని చూసి జాలిపడండి అని చెప్తున్నట్టే ఉంది. నాలుగో రోజు అన్నీ మ్యూట్ చేసి లొకేషన్ సౌండ్ ఒక్కటే విన్నాను. గిలక. ఇనుప గిలక తాడు లాగినప్పుడల్లా కిర్రుమంటోంది, లాగిన ప్రతిసారీ కొంచెం ఆగి, ఆవిడకి ఊపిరి అందాక మళ్ళీ కిర్రు. తంబూరా తీసి శ్రుతి చూశాను, ఆ కిర్రు రెండు శ్రుతికి (కీబోర్డ్ మీద D స్వరం) దగ్గర్లో ఉంది. తంబూరాని సరిగ్గా గిలక శ్రుతికి దించి, రెండో చేద దగ్గర వినీవినిపించనంత సన్నగా మొదలుపెట్టాను. గిలక ఆగినా ఆ నాదం ఆగదు. బిందె నిండి ఆవిడ తాడు వదిలిన క్షణంలో తెంచేశాను. తర్వాత పక్షులు, అంతే. మొత్తం యాభై సెకన్లు. ఆ సీన్‌లో సంగీతం ఉందని రివ్యూ రాసినవాళ్ళెవరూ గమనించలేదు, కానీ డైరెక్టర్ వాళ్ళమ్మగారు ఆ సీన్ దగ్గర లేచి బయటికి వెళ్ళిపోయారు. ఆవిడ భర్త పోయి అప్పటికి రెండేళ్ళు.

అలాగని మౌనమే తకెమిత్సు అనుకోవద్దు

ఇది చాలామంది చేసే పొరపాటు. జపాన్ అనగానే 'మా', అంటే శబ్దానికీ శబ్దానికీ మధ్య ఉండే ఎడం, జెన్, నిశ్శబ్దం అని రెండు మాటలు చెప్పి ఊరుకుంటారు. ఆయనకి అన్నీ ఇష్టం. 1956లో మసరు సాతోతో కలిసి చేసిన 'క్రేజ్డ్ ఫ్రూట్'లో హవాయి గిటార్ ఉంటుంది, సముద్రం ఒడ్డున చెడిపోతున్న డబ్బున్న కుర్రాళ్ళ కథకి. 'ద ఫేస్ ఆఫ్ అనదర్' (1966)లో వాల్ట్జ్ (మూడు లెక్కల పాశ్చాత్య నాట్య సంగీతం) వింటే ఇదే మనిషేనా అనిపిస్తుంది, అంత తియ్యగా ఉంటుంది, ఆ తియ్యదనమే ఆ కథలో భయపెడుతుంది. 'డబుల్ సూసైడ్' (1969, మసహిరో షినోదా)కి స్క్రిప్ట్ రాయడంలోనూ పాలు పంచుకున్నారు, అందులో పాత జపాన్ కథకి టర్కీ వేణువు వినిపిస్తుంది. బీటిల్స్ పాటల్ని గిటార్ కోసం మళ్ళీ రాశారు. చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద వంటల రెసిపీలకి రంగుల బొమ్మలు వేసుకున్నారు. ప్రయోగం చేసేవాడంటే మొహం ముడుచుకుని కూర్చునేవాడు కాదు.

ఆయన్ని వ్యతిరేకించినవాళ్ళూ ఉన్నారు. ర్యుయిచి సకమోతో అనే జపాన్ స్వరకర్త విద్యార్థిగా ఉన్నప్పుడు తకెమిత్సు కచేరీ బయట, సంప్రదాయ వాయిద్యాలు వాడడాన్ని విమర్శిస్తూ కరపత్రాలు పంచాడు. తకెమిత్సు ఆ కరపత్రం చేత్తో పట్టుకుని బయటికి వచ్చి, ఇది రాసింది నువ్వేనా అని అడిగి, నిలబడి ఆ కుర్రాడితో మాట్లాడారు. ఆ సకమోతోయే తర్వాత 'ద లాస్ట్ ఎంపరర్'కి ఆస్కార్ అందుకున్న ముగ్గురిలో ఒకడు, తకెమిత్సు మీద ఎంత గౌరవముందో తర్వాత తనే చెప్పుకున్నాడు. మీ పని మీద ఎవరైనా ఘాటుగా రాస్తే ఏం చెయ్యాలని అడగలేదు మీరు, కానీ ఇది గుర్తుంచుకోండి.

ఆయన 1996 ఫిబ్రవరి 20న, అరవై అయిదేళ్ళకి, క్యాన్సర్ చికిత్సలో ఉండగా పోయారు. చివరి సినిమా అంతకుముందు ఏడాది వచ్చిన 'షరకు'. హాలీవుడ్‌కి ఒక్కటే చేశారు, 1993లో 'రైజింగ్ సన్'.

ఎక్కడ మొదలుపెట్టాలి

నేనైతే 'హరాకిరి'తో మొదలుపెట్టమంటాను, కచేరీ రచనలతో కాదు. కథ పట్టేస్తుంది, బీవా దెబ్బలు కథ లోపల వినిపిస్తాయి, అలవాటైపోతాయి. తర్వాత 'క్వైదాన్', తప్పకుండా హెడ్‌ఫోన్స్‌తో, మూడు గంటల సినిమా కాబట్టి రోజుకో కథ చాలు. ఆ పైన 'రాన్'. ఆయనే సంగీతమిచ్చిన 'బ్లాక్ రెయిన్' వెతికేటప్పుడు జాగ్రత్త, హిరోషిమా తర్వాతి బతుకుల మీద షొహెయ్ ఇమమురా తీసింది మీకు కావాలి, అదే 1989లో అదే పేరుతో హాలీవుడ్ పోలీస్ సినిమా కూడా ఉంది. ఇవన్నీ చూశాక 'నవంబర్ స్టెప్స్' పెట్టండి. ముందే పెడితే పది నిమిషాల్లో ఆపేస్తారు, నేను అలాగే ఆపేశాను. అందులో ఒక సంగతి వినండి. ఆయన బీవానీ ఆర్కెస్ట్రానీ కలిపేయడానికి ప్రయత్నించలేదు. మొదట కలుపుదామనే అనుకుని, తర్వాత ఆ రెండూ ఎంత వేరో అలాగే వినిపించాలని నిర్ణయించుకున్నారు. మన ఫ్యూజన్ అలవాటున్న చెవికి ఇది మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది.

చూసేటప్పుడు కాగితం పెట్టుకోండి. సంగీతం మొదలైన సమయం, ఆగిన సమయం రాయండి. ఏ రాగం, ఏ కార్డ్ అన్నది వద్దు. చెన్నైలో నాకు మొదట ఇచ్చిన పని ఇదే, అప్పుడు గుమాస్తా పనిలా అనిపించేది. 'హరాకిరి'కి అలా రాసి చూసుకుంటే, సంగీతం లేని భాగం ఎంత ఉందో మీకే తెలుస్తుంది.

ఇక ప్లగిన్. బీవా శాంపిల్స్ అమ్మేవాళ్ళు ఉన్నారు, ఇప్పుడు కొనకండి. శాంపిల్‌లో ప్రతి దెబ్బా ఒకేలా శుభ్రంగా ఉంటుంది, తకెమిత్సుకి కావాల్సింది శుభ్రం కాదు. మీ ఊళ్ళో సంగీతం చెప్పే ఎవరింట్లోనో ఒక తంబూరా ఉంటుంది, అడిగితే ఒక పూట ఇస్తారు. ఫ్యాన్ ఆపేసి, మైక్ బ్రిడ్జికి జానెడు దూరంలో పెట్టండి. ముందు జీవ దారం లేకుండా ఒకే తీగ మీటి, పూర్తిగా చచ్చేదాకా రికార్డ్ చెయ్యండి. తర్వాత దారం పెట్టి, గోటితో కొంచెం కొంచెం జరుపుతూ మీటండి. ఏ చోట తీగ విచ్చుకుంటుందో అక్కడ ఆపి, అదొక్కటే రెండు నిమిషాలు రికార్డ్ చెయ్యండి. ఆ పైన మీరు చేసిన షార్ట్ ఫిల్మ్‌లో ఒక సీన్ తీసుకుని, మీ మ్యూజిక్ మొత్తం మ్యూట్ చేసి, ఈ ఒక్క మీటు ఎక్కడ పడాలో వెతకండి. ఒక్కటే, రెండోది వాడకూడదు. చోటు దొరకలేదంటే ఆ సీన్‌కి అదీ అక్కర్లేదన్నమాట, వదిలెయ్యండి. దొరికితే మాత్రం ఆ సీన్ ఇక్కడ పెట్టండి. విని, నాకేమనిపించిందో టైమ్‌కోడ్‌తో సహా రాస్తాను.